రీడ్-ఓన్లీ టిక్కు తీసేసినా మళ్లీ ఎందుకు వస్తోంది?

చెల్లి: అన్నయ్యా, ఈ వారం చాలామంది అడిగింది ఒకటే. పాత కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్ తీసి కొత్తదానికి పెట్టుకున్నారు, ఫోటోలు కనిపిస్తున్నాయి కానీ పేరు మార్చబోతే పర్మిషన్ లేదంటోంది. ప్రాపర్టీస్‌లో రీడ్-ఓన్లీ తీసేసి ఓకే కొడతారు, మళ్లీ తెరిస్తే అది అక్కడే ఉంటుంది.

అన్నయ్య: ఆ గడిలోకి సరిగ్గా చూడు, ఫోల్డర్‌కి అక్కడ ఉండేది టిక్కు కాదు, చిన్న చదరం. విండోస్ అలాగే చూపిస్తుంది. అది లోపలి ఫైళ్ల కోసం పెట్టిన గడి, ఫోల్డర్‌లో రాయకుండా అది ఆపదు. దాంతో కుస్తీ పట్టడం దండగ.

చెల్లి: మరి అడ్డుపడుతున్నదేంటి?

అన్నయ్య: ఎక్కువగా ఓనర్‌షిప్పే. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కుల్లో ఫైళ్లని భద్రపరిచే పద్ధతి) డిస్క్‌లో ప్రతి ఫైలుకీ ఓనర్ ఎవరో, ఎవరెవరు ఏం చేయొచ్చో రాసి ఉంటుంది, అదీ మన పేరుతో కాదు, విండోస్ ఇచ్చిన నంబరుతో. కొత్త కంప్యూటర్‌లో అదే పేరు పెట్టుకున్నా నంబరు వేరు. పొలం మనదే, పాసుబుక్కులో పేరు మారలేదు, అంతే.

చెల్లి: మార్చడం ఎలా?

అన్నయ్య: అడ్మిన్ అకౌంట్‌తో ఫోల్డర్ ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. పైన ఓనర్ పక్కన ఎస్-1-5-21తో మొదలయ్యే పొడుగాటి నంబరు కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఛేంజ్ నొక్కి, మీ యూజర్ పేరు కొట్టి, చెక్ నేమ్స్ అని ఓకే చేయగానే, ఓనర్ కింద కొత్తగా ఒక గడి వస్తుంది, లోపలున్న వాటన్నిటికీ ఓనర్‌ని మార్చమనే గడి. చాలామంది దాన్ని వదిలేస్తారు, అందుకే పై ఫోల్డర్ మారి లోపలి ఫైళ్లు మొండికేస్తాయి. అప్లై చేశాక విండో మూసి మళ్లీ తెరిచి, మీ పేరుకి ఫుల్ కంట్రోల్ ఇవ్వండి, ఓనర్ అయినంత మాత్రాన రాసే హక్కు దానంతటది రాదు.

చెల్లి: మొత్తం సీ డ్రైవ్‌కి చేసేస్తే గొడవ వదిలిపోతుంది కదా అనుకునేవాళ్లున్నారు.

అన్నయ్య: వద్దు, దయచేసి వద్దు! విండోస్ ఫోల్డర్‌లో చాలా ఫైళ్లకి ఓనర్ ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ అనే విండోస్ సొంత అకౌంట్, అది సిస్టమ్‌కి రక్షణ. మీ ఫోటోలు, మీ డాక్యుమెంట్లు, అక్కడితో ఆపండి. ఎవ్రీవన్‌కి, అంటే అందరికీ, ఫుల్ కంట్రోల్ ఇచ్చేయమనే సలహా కూడా నాకు అస్సలు నచ్చదు.

చెల్లి: ఒకే సాఫ్ట్‌వేర్ నుంచి మాత్రమే సేవ్ కాకపోతే?

అన్నయ్య: అప్పుడు పర్మిషన్లని కదిలించకముందే విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ చూడండి. అక్కడ కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ (నమ్మకం లేని సాఫ్ట్‌వేర్ మీ ఫోల్డర్లలో మార్పులు చేయకుండా ఆపేది) ఆన్‌లో ఉంటే, నమ్మకమైన సాఫ్ట్‌వేర్ అయితేనే దాన్ని అనుమతించిన జాబితాలో చేర్చండి.