దవడ ఎక్స్‌రేలో నల్ల మచ్చ

అందరికీ నమస్కారం. హౌస్ సర్జన్లు ముందు వరసలోకి రండి, ఈ ఫిల్మ్ దగ్గరగా చూడాలి.

కింది దవడ, రెండో ప్రీమోలార్, అంటే కోరపన్ను వెనకుండే రెండు చిన్న పళ్లలో రెండోది. వేరు కొసన మినపగింజంత నల్ల మచ్చ. చీము పట్టింది, రూట్ కెనాల్ చెయ్యాలని ఈపాటికే అనుకొని ఉంటారు. చదువుకునే రోజుల్లో నేనూ అలాగే అనుకొని పన్ను తొలిచే ఎయిరోటర్ చేతిలోకి తీసుకున్నాను. మా సీనియర్ ఆపి, పన్ను తుడిచి ఐసు ముక్క ఆనించారు. జివ్వుమని పేషెంటు ఉలిక్కిపడింది. ఐసు తీయగానే తగ్గిపోయింది. పన్ను నిక్షేపంగా ఉంది! ఆ మచ్చ మెంటల్ ఫొరామెన్, అంటే పెదవికి వెళ్లే నరం ఎముకలోంచి బయటికొచ్చే రంధ్రం. ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది.

అందుకే మచ్చ కనబడగానే పేరు పెట్టెయ్యకండి. ముందు పన్ను బతికుందో లేదో తేల్చుకోండి. తర్వాత వేరు చుట్టూ ఉండే సన్నటి తెల్ల గీత, లామినా డ్యూరా, చూడండి. ఇన్ఫెక్షనైతే వేరు కొసన అది చెరిగిపోతుంది. ఫొరామెన్ అయితే మామూలుగా గీత అలాగే ఉంటుంది, ఎక్స్‌రే ట్యూబు కోణం మార్చి ఇంకో ఫిల్మ్ తీస్తే మచ్చ వేరును వదిలి పక్కకు జరుగుతుంది. కింది ముందు పళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. మధ్యవయసు ఆడవాళ్లలో అక్కడ సిమెంటో ఆసియస్ డిస్‌ప్లేసియా, అంటే వేరు కొసల దగ్గర ఎముకలో వచ్చే ఒక మార్పు, కనబడుతుంది. మొదట నల్లగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ లోపల తెల్లబడుతుంది. పళ్లు బతికే ఉంటాయి. వాటికి రూట్ కెనాల్ చేస్తే బాగున్న పన్నును మన చేత్తో చంపినట్టే.

పెద్ద మచ్చ కనిపిస్తే కింది దవడ ఎముకలో నరం సాగే కాలువ ఎక్కడుందో వెతకండి. పంటి నుంచి పుట్టినవి ఎక్కువగా దానికి పైనే ఉంటాయి. కాలువ కింద, దవడ మూల దగ్గర, అంచు స్పష్టంగా ఉన్న గుండ్రటి మచ్చ చాలాసార్లు జబ్బే కాదు. 1942లో ఎడ్వర్డ్ స్టాఫ్నే వివరించిన ఎముక పల్లం అది. రాని జ్ఞానదంతాన్ని మెడ దగ్గర పట్టుకున్నది డెంటిజెరస్ సిస్టు, అంటే బయటికి రాని పన్ను చుట్టూ ఏర్పడే నీటి తిత్తి, కావచ్చు. సబ్బు నురగలా గదులు గదులుగా ఉండి, దవడను ఉబ్బించి, వేర్లను కొరికేస్తుంటే అమీలోబ్లాస్టోమా అనే దవడ కణితిని అనుమానించండి. కెరటోసిస్టు అనే ఇంకో రకం తిత్తి మాత్రం ఎముక లోపల పొడవునా పాకుతుంది, బయట వాపు పెద్దగా తెలియదు. ఈ తిత్తి, కణితి ఏదైనా బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, వచ్చాకే ఖాయం.

ఒక్కచోట మాత్రం ఆగకండి. గుట్కా నమిలే మనిషి, మానని పుండు, కింది పెదవి తిమ్మిరి, ఫిల్మ్‌లో చిరిగిన కాగితంలా అంచులు, చుట్టూ ఎముక లేక గాల్లో తేలుతున్నట్టున్న పళ్లు. మందు రాసిచ్చి వారం తర్వాత రమ్మనకండి. ఆ రోజే క్యాన్సర్ విభాగానికి పంపండి.