బెకెట్ ఎవరి బిడ్డ?

అందరికీ నమస్కారం.

తెర మీద ఉన్న ఈ బొమ్మని ఒక్క నిమిషం నిదానంగా చూడండి. స్పెయిన్‌లో బార్సిలోనాకి దగ్గర్లో తెర్రాస్సా అని ఒక ఊరు. అక్కడి శాంటా మరియా చర్చిలో, 12వ శతాబ్దం చివర్లో గోడ మీద వేసిన చిత్రం ఇది. కింది వరసలో సైనికులు ఒక మతగురువుని చుట్టుముట్టారు. ఒకడి కత్తి ఆయన తల మీద పడుతోంది. ఆ పక్కనే ఆయన్ని సమాధిలో పెడుతున్నారు, దేవదూతలు ఆత్మని పైకి తీసుకుపోతున్నారు.

ఆయన థామస్ బెకెట్, ఇంగ్లండులో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్. చర్చి హక్కుల విషయంలో రెండో హెన్రీ రాజుకి ఎదురు నిలిచాడు. 1170 డిసెంబర్ 29న రాజు కొలువులోని నలుగురు యోధులు ఆయన్ని ఆయన చర్చిలోనే నరికేశారు. 1173లో పోప్ ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. ఇంకో ముప్పై ఏళ్లు తిరక్కుండానే ఆ కథ ఇంత దూరం వచ్చి ఈ గోడెక్కింది. ఇంగ్లండులోనేమో 1538లో ఎనిమిదో హెన్రీ ఆయన సమాధి మందిరాన్ని పడగొట్టించి, బొమ్మలన్నీ తీసేయమన్నాడు. అందుకే ఈ తెర్రాస్సా గోడంటే నాకు ప్రాణం.

ఇంతకీ ఈయన ఎవరి బిడ్డ? 13వ శతాబ్దానికల్లా ఒక కమ్మటి కథ పుట్టింది. తండ్రి గిల్బర్ట్ యాత్రకని పవిత్ర భూమికి, అంటే జెరూసలేం ప్రాంతానికి వెళ్లి, ముస్లిం అమీరుకి బందీగా చిక్కాడట. అమీరు కూతురు మనసు పడిందట. అతను తప్పించుకుని వచ్చేస్తే, వచ్చిన ఒకటి రెండు ఇంగ్లీషు మాటలే పట్టుకుని ఆ పిల్ల లండన్ దాకా వచ్చి, వీధి వీధీ తిరిగి అతన్ని కనుక్కుందట. ఆమె కడుపున పుట్టినవాడే థామస్ అని.

బెకెట్‌ని ఎరిగినవాళ్లు రాసిన జీవితచరిత్రల్లో ఈ అమీరు కూతురు ఎక్కడా లేదు. తండ్రి ఫ్రాన్స్ ఉత్తరాన ఉన్న నార్మండీ నుంచి వచ్చి లండన్‌లో స్థిరపడ్డవాడు, నగర షెరీఫ్‌గా, అంటే రాజు తరఫు అధికారిగా కూడా చేశాడు. తల్లిని చాలామంది మటిల్డా అన్నారు, ఒకరు మాత్రం రొహేస్ అన్నారు. ఆమె గురించి తెలిసింది అంత తక్కువ కాబట్టే ఆ ఖాళీలో కథ దూరిందని నా నమ్మకం. ఆయన పుట్టిన చీప్‌సైడ్ ఇంటి చోటే తర్వాత పునీత థామస్ ఆఫ్ ఏకర్ పేరుతో ఒక ఆసుపత్రి మఠం వెలిసింది. ఏకర్ అంటే పవిత్ర భూమిలోని రేవు పట్నం. అలాంటి చోట ఈ కథ బతికిందంటే వింతేముంది?

1825లో ఒగుస్తాం తియెరీ అనే ఫ్రెంచ్ చరిత్రకారుడు ఇంకో దారి పట్టాడు. నార్మన్లంటే 1066లో నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండుని గెలిచినవాళ్లు, సాక్సన్లంటే అంతకుముందు నుంచీ అక్కడున్న ఇంగ్లీషువాళ్లు. నార్మన్ల పెత్తనానికి ఎదురుతిరిగిన సాక్సన్ వీరుడిగా బెకెట్‌ని నిలబెట్టాడు. అది కూడా నిలవదు, తల్లిదండ్రులిద్దరూ నార్మన్లే. అయినా ఆ మాట నాటకాల్లోకి, సినిమాల్లోకి పాకిపోయింది.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా విలువైన సాక్ష్యం బెకెట్ రాసిందే. 1166లో, ఫ్రాన్స్‌లో తలదాచుకుని ఉన్నప్పుడు, నీ పుట్టుక ఎంత, రాజు నిన్ను ఎంత వాణ్ణి చేశాడు అని ఇంగ్లండు బిషప్పులు ఎత్తిపొడిచారు. ఆయన దాచుకోలేదు. నేను రాజవంశంలో పుట్టలేదు నిజమే, మావాళ్లు లండన్ పౌరులు, ఇరుగుపొరుగుతో ఏ తగువూ లేకుండా బతికారు, మరీ కిందివాళ్లేమీ కారు అని రాశాడు. పుట్టుకతో వచ్చిన గొప్పతనాన్ని పాడుచేసుకునేవాడిగా కన్నా, మనసుతో గొప్పవాడిగా ఉండటమే నాకిష్టం అన్నాడు. పరాయి దేశంలో, ప్రాణభయంతో ఉండి రాసిన మాటలివి.

ఇప్పుడు మళ్లీ బొమ్మ పైభాగం చూడండి. క్రీస్తు రెండు చేతులూ చాచి, అటొకరు ఇటొకరు ఉన్న ఇద్దరి తలల మీద పుస్తకాలు ఆనించాడు. ఒకరు బెకెట్. రెండోవాడు ఎడ్వర్డ్ గ్రిమ్ అని చాలామంది పండితులు అంటారు. కేంబ్రిడ్జి నుంచి వచ్చిన మామూలు గురువు, ఆ రోజుల్లో ఊరికే చూసిపోదామని వచ్చినవాడు. మిగతావాళ్లలో చాలామంది పారిపోతే, ఇతను బెకెట్‌ని పట్టుకుని నిలబడి, మీద పడుతున్న కత్తికి తన చెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి దాదాపు తెగింది. పేరు చూస్తే అచ్చం ఇంగ్లీషువాడు. అడ్డుపడింది నార్మన్ల బిడ్డకి.