పదిహేనేళ్ల తర్వాత స్టేజీ ఎక్కిన పంక్ బ్యాండ్, 1,999 టికెట్టు, పదింటికి పోలీసులు: చర్చ పూర్తి పాఠం

(బెంగళూరు స్టూడియోలో రికార్డు చేసిన చర్చ. మాటలు ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడినచోట వినిపించినంతే రాశాం. రెండుచోట్ల ఏమీ వినిపించలేదు.)

సంధానకర్త: నమస్కారం. పంక్ అంటే వేగంగా, గట్టిగా అరిచి పాడే తిరుగుబాటు రాక్ సంగీతం. ఎప్పుడో విడిపోయిన ఒక పంక్ బ్యాండ్ పోయిన శనివారం ఇందిరానగర్‌లో మళ్లీ వాయించింది. టికెట్టు 1,999. వెనకాల బీరు కంపెనీ బ్యానర్. పది కొట్టగానే పోలీసులొచ్చి ఆపించారు. అప్పట్నుంచీ ఒకటే గొడవ. డబ్బుకి అమ్ముడుపోయారని కొందరు, ఏం తప్పని ఇంకొందరు. ఆ బ్యాండ్ గిటారిస్టు మనతో ఉన్నారు, చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. షో పెట్టిన నిర్వాహకుడు ఉన్నారు. కాలనీ సంఘం కార్యదర్శి మేడమ్ వచ్చారు. ఇప్పటి బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించే కుర్రాడున్నాడు. నలుగురికీ సమానంగా టైమిస్తాను, అది నా హామీ. గిటారిస్టు గారూ, మీ రోజుల్లో టికెట్టెంత?

గిటారిస్టు: చాలాసార్లు టికెట్టే లేదండి. పెడితే యాభై. అదీ డ్రమ్ కిట్ అద్దెకి. స్నేర్, సింబల్స్, పెడల్ ఎవరి డ్రమ్మర్ వాళ్లే తెచ్చుకునేవాళ్లు, మిగతా కిట్టు అందరికీ ఒక్కటే. నాలుగు బ్యాండ్లకి కలిపి ఒక గిటార్ ఆంప్, అదే యాంప్లిఫయర్. అది కాలిపోతే మర్నాడు ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకెళ్లి...

నిర్వాహకుడు: ఆ ఆంప్ ఎవరిదో చెప్పమనండి! నాది. నేనూ ఆ సీన్‌లోవాడినే సార్. చర్చ్ స్ట్రీట్‌లో జిరాక్సు పోస్టర్లకి మైదా జిగురు రాసి అతికించిన చేతులివి. అప్పుడూ డబ్బు నాదే పోయింది, ఇప్పుడూ నాదే పోతోంది. సౌండ్‌కి డబ్బు, లైట్లకి డబ్బు, లైసెన్సులు, బౌన్సర్లు, జీఎస్టీ. ఆ అప్పు ఎవడు తీర్చాలి? విమర్శించినవాళ్లా?

సంధానకర్త: అక్కడికే వస్తా. ముందు నా పాయింట్ ఒకటి. 1965లో హైదరాబాద్‌లో, అర్ధరాత్రి, ఒక రిక్షా కార్మికుడి చేత మన దిగంబర కవులు, అదే తిరుగుబాటు కవిత్వం రాసినవాళ్లు, తమ మొదటి సంపుటి ఆవిష్కరింపజేశారు. లండన్‌లో పంక్ రావడానికి పదకొండేళ్ల ముందు! అసలు మొదటి పంకులు మనవాళ్లే అంటాను. ఏమంటారు?

గిటారిస్టు: ఏమో సార్. వాళ్లు వాయించలేదు కదా.

సంధానకర్త: స్పిరిట్, స్పిరిట్ గురించి...

మేడమ్: నేనొకటి చెప్పవచ్చా? ఆ పక్కవీధి మాది. మా అత్తకి ఎనభై రెండు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకూ నివాస ప్రాంతంలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000లో వచ్చిన రూల్సులోనే ఉంది. పగలైతే 55. మేం కొత్తగా ఏమీ అడగట్లేదు. గిటారుతో నాకు ఇబ్బంది లేదు, ఆ డుబ్బు డుబ్బుమనే బేస్ ఉంది చూడండి, అది కిటికీ మూసినా గోడలోంచి...

నిర్వాహకుడు: మేడమ్, పబ్‌లన్నీ మూసేయమంటారా? ఒక్క మాట. పబ్‌లలో బ్యాండ్ వాయించాలంటే లైసెన్సు ఉండాలని 2005లో తెచ్చిన ఉత్తర్వుని 2018 జనవరిలో సుప్రీంకోర్టు సరే అంది. ఆ తర్వాత ఈ ఊళ్లో ఎన్నిచోట్ల మైకులు కట్టేశారో మీకు తెలుసా? అలాంటప్పుడు షో పెట్టినవాడికి దండ వేయాలా, రాళ్లు వేయాలా?

మేడమ్: నేనన్నది అది కాదు...

సంధానకర్త: మేడమ్, మీకు మళ్లీ వస్తా. (రాలేదు.) గిటారిస్టు గారూ, ఆ టూర్ల గురించి చెప్పండి. వ్యాన్‌లో తిరిగేవారా?

గిటారిస్టు: వ్యానెక్కడిదండీ. బ్లాక్ ఫ్లాగ్ లాంటి అమెరికా పంక్ బ్యాండ్లు వ్యాన్‌లోనే పడుకుంటూ దేశమంతా వాయించాయని చదివి మాకు ఆశ పుట్టింది. మాకు స్లీపర్ క్లాసు. ఒకసారి గౌహతి రైలెక్కాం, అక్కణ్ణుంచి షిల్లాంగ్ వెళ్లాలి. సింబల్స్ సంచి పై బెర్తు మీద, మనిషి కింద. గూడూరు దాటాక తెలుగు టీసీ ఎక్కాడు. సామాను చూసి ‘ఏ ఆర్కెస్ట్రా?’ అన్నాడు. ఫైన్ భయంతో అవునన్నాం. అయితే ఒక ఘంటసాల పాట అందుకోమన్నాడు. మా సింగర్ మలయాళీ. నేనే పాడాను. రెండు చరణాలు వచ్చేసరికి ఒంగోలు... లేదు, నెల్లూరే అనుకుంటా. ఫైన్ లేదు, పైగా టీ ఇప్పించాడు.

సంధానకర్త: ఏం పాట? పాడండి, పాడండి!

నిర్వాహకుడు: ఇదే సార్ నేననేది! టీతో కడుపు నిండిందా? షిల్లాంగ్ నుంచి వచ్చాక వీళ్ల డ్రమ్మర్ కిట్టు అమ్ముకుని బ్యాంకు పరీక్షలు రాశాడు. పేదరికాన్ని ముచ్చటగా చెప్పుకుంటున్నాం మనం.

గిటారిస్టు: అమ్ముకున్నది నిజమే. వాడి చెల్లెలి పెళ్లి ఉండింది.

డ్రమ్మర్: అన్నా, నేనొకటి అడగొచ్చా? శనివారం మేం ఆరుగురం వచ్చాం. ముగ్గురికి ఇరవై ఒకటి నిండలేదని గేటు దగ్గరే ఆపేశారు. మిగిలినవాళ్ల దగ్గర 1,999 లేవు. అందరం బయట కాంపౌండ్ గోడ దగ్గరే విన్నాం. అక్కడ మాలాంటోళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. మీ పాటలు మాకు నోటికొచ్చు. లోపలున్నవాళ్లకి ఒక్క పాట రాదన్నా, ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు.

గిటారిస్టు: తెలుసురా. స్టేజీ మీదికి కనిపించింది. వాషింగ్టన్‌లో మైనర్ థ్రెట్ అనే పంక్ బ్యాండ్ వాళ్లు తాగుడే వద్దన్నారు. మైనర్లకి మందు పొయ్యకుండా చేతి మీద ఇంటూ గుర్తు వేసి లోపలికి పంపేవాళ్లు, పిల్లలు పాట వినాలని. తర్వాత అక్కడే ఫుగాజీ అనే బ్యాండ్ వచ్చింది. అంత పేరొచ్చినా 5 డాలర్ల టికెట్టు మీదే ఉండాలని పట్టుబట్టారు. మేమేమో బీరు బ్యానర్ కింద...

నిర్వాహకుడు: ఫుగాజీ! ఈ పేరు వస్తుందని నాకు తెలుసు. ఒక్క ఫుగాజీని చూపించి అందర్నీ తిడతారు. లండన్ పంక్ బ్యాండ్ సెక్స్ పిస్టల్స్ 1976లో ఇఎంఐ రికార్డు కంపెనీకి సంతకం పెట్టలేదా? 1977లో అక్కడి ఇంకో బ్యాండ్ క్లాష్‌కి సిబిఎస్ కంపెనీ లక్ష పౌండ్లు ఇవ్వలేదా? న్యూయార్క్‌లో పంక్ పుట్టిన సిబిజిబి క్లబ్బు 2006లో మూతపడింది, తర్వాత అందులో బట్టల షాపు పెట్టారు. బట్టల షాపు సార్! అద్దె కట్టలేకపోతే ఎంత గొప్ప పంక్ అయినా బట్టల షాపే. ఆ అప్పు ఎవడు తీర్చాలి?

సంధానకర్త: ఇది బలమైన పాయింట్.

గిటారిస్టు: న్యూయార్క్ పంక్ బ్యాండ్ రామోన్స్ మొదటి ఆల్బమ్‌కి ఆరువేల నాలుగొందల డాలర్లే అయ్యాయంటారు. 14 పాటలు, అరగంట కూడా లేదు. మేం శనివారం 18 పాటలు అనుకున్నాం. పెద్దవేం కావు, గంటలోపు అయిపోయేవి. ఎనిమిదిన్నరకి స్టేజీ ఇస్తామన్నారు. తొమ్మిదీ పదికి ఇచ్చారు. మధ్యలో స్పాన్సర్ లక్కీ డ్రా...

సంధానకర్త: ఒక్క నిమిషం, 18 పాటల్లో తెలుగు పాట ఎన్ని? నేను అడగాలనుకుంటున్నది అదే. దిగంబర కవులు రెండో సంపుటి విజయవాడలో ఒక హోటల్ కార్మికుడి చేత, మూడోది విశాఖలో ఒక బిచ్చగత్తె చేత ఆవిష్కరింపజేశారు. ఆ తెగువ ఉన్న భాషలో మీరెందుకు రాయలేదు?

గిటారిస్టు: ఒకటి రాశామండి. కాలేజీ ఫీజు మీద. తెలుగు అజంత భాష కదా, మాట చివర అచ్చుంటుంది. అరిస్తే సాగిపోతుంది. ఈ పాటకి మాట ఠక్కున తెగాలి. మా నాన్న పక్కగదిలోంచి విని భజన ప్రాక్టీసు అనుకున్నారు. కన్నడంలో రాద్దామన్నా అదే ఇబ్బంది. తమిళంలో కాస్త నయం, హల్లుతో ఆగే మాటలెక్కువ. చెన్నైలో ఒక కల్యాణ మండపంలో వాయించినప్పుడు అక్కడి బ్యాండ్ తమిళంలో పాడితే మేం నోరు తెరుచుకుని చూశాం. ముందురోజే ముహూర్తం అయ్యింది, గుమ్మానికి అరటిబోదెలు అలాగే ఉన్నాయి. మిగిలిన లడ్డూలు పెట్టారు.

సంధానకర్త: లడ్డూలా!

గిటారిస్టు: అదే మా పారితోషికం. 2007లో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఇంగ్లండ్ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ వాయిస్తే ఊరంతా అక్కడే ఉంది. తర్వాత కొన్నాళ్లకి మేం వాయిస్తే ముప్పై ఏడు మంది. లెక్కపెట్టాను. అందులో పదకొండు మంది మిగతా బ్యాండ్లవాళ్లే. ఆ ముప్పై ఏడు మందిలో చాలామంది ఇప్పటికీ ఫోన్ చేస్తారు.

నిర్వాహకుడు: ఆ ముప్పై ఏడు మందితో హాలు అద్దె వచ్చిందా? రాలేదు. నేను కట్టాను. శనివారం ఈయనకి చెక్కు ఇచ్చాను. జీవితంలో మొదటిసారి వాయించినందుకు చెక్కు తీసుకున్నాడు. అడగండి, తీసుకున్నాడా లేదా?

గిటారిస్టు: తీసుకున్నాను.

నిర్వాహకుడు: అంతే! ఇంక చర్చేముంది?

డ్రమ్మర్: చెక్కు తీసుకోవడం తప్పని ఎవరన్నారు సార్? గోడ బయట ఉన్నవాళ్ల సంగతి...

నిర్వాహకుడు: తమ్ముడూ, నీ వయసులో నేనూ ఇలాగే అన్నాను. ఒక షో పెట్టు, ఒక్కటి. తర్వాత మాట్లాడదాం.

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. ‘పోలీసాయన’ అన్న మాట ఒక్కటే అర్థమైంది.)

గిటారిస్టు: ...ఆయన పాపం మర్యాదగానే వచ్చాడు. పక్కన నిలబడి పాట అయ్యేవరకూ ఆగి, ‘సాకు సార్, నిల్లిసి’ అన్నాడు, చాలు సార్ ఆపండి అని కన్నడంలో. పదకొండో పాట. ఆయన్ని తిట్టడం నాకు నచ్చలేదు, మేడమ్‌ని తిట్టడం కూడా. ఆ డ్రా నలభై నిమిషాలు...

మేడమ్: అవును, ఆ నంబర్లు చదవడం మాకూ వినిపించింది. పాట కంటే గట్టిగా.

సంధానకర్త: సమయం అయిపోవస్తోంది. చూస్తే డబ్బు లేకుండా కళ బతకదన్న నిర్వాహకుడి గారి వాదనే ఎక్కువగా నిలబడినట్టుంది. దిగంబర కవుల సంగతి మాత్రం మనం ఇంకో ఎపిసోడ్ చేసుకోవాలి. సార్, చివరిగా ఒక్క మాట మీరే.

నిర్వాహకుడు: థాంక్యూ. వచ్చే నెల చెన్నైలో పెడుతున్నాం, ఇదే బ్యాండ్. టికెట్టు మారదు. ఈసారి లక్కీ డ్రా ఏడింటికే అవగొట్టేస్తాం.

గిటారిస్టు: చెన్నై సంగతి నాకు చెప్పలే...

సంధానకర్త: మీ పాయింట్ రిజిస్టర్ అయింది సార్. నమస్కారం.