ఆ ఊళ్లో ఎండ కనిపించింది, మనుషులు కనిపించలేదు

[బల్ల మీద రెండు థర్మామీటర్లు. ఒకదాని బుడ్డికి తడి నూలుగుడ్డ చుట్టి ఉంది.]

నమస్తే అండీ. ఈ గుడ్డ చుట్టిన థర్మామీటరు చూడండి, పక్కదానికంటే తక్కువ చూపిస్తోంది. తడి ఆరుతూ వేడిని పట్టుకుపోతుంది కాబట్టి. మన ఒంటి మీద చెమట చేసే పనీ ఇదే. గాలిలో తేమ పెరిగేకొద్దీ గుడ్డా ఆరదు, చెమటా ఆరదు. ఈ తడి థర్మామీటరు 35 డిగ్రీలకు చేరిందంటే, నీడన కూర్చుని కడుపునిండా నీళ్లు తాగుతున్నా సరే, గట్టి మనిషి కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడు. అంతకన్నా తక్కువకే శరీరం చేతులెత్తేస్తుందని ఈమధ్య పరిశోధనలు చెబుతున్నాయి.

ఈ ఒక్క అంకె మీద అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత కిమ్ స్టాన్లీ రాబిన్సన్ ఒక అధ్యాయం నిలబెట్టాడు. 2020లో వచ్చిన 'ది మినిస్ట్రీ ఫర్ ది ఫ్యూచర్' నవలకు అదే మొదలు. ఉత్తరప్రదేశ్‌లో ఒక చిన్న ఊరు. కరెంటు పోతుంది. జనం పిల్లాజెల్లాతో చెరువులోకి దిగుతారు. ఆ నీళ్లు కూడా వేడిగానే ఉంటాయి. తెల్లారేసరికి ఊరంతా శవాలు.

ఈ ఇరవై ఏళ్ల సైన్స్ ఫిక్షన్‌లో ఇంత బలమైన ఆరంభం నేను చదవలేదు. 2015 మే నెల గుర్తున్నవాళ్లకు ఇందులో కల్పన ఎంత తక్కువో తెలుస్తుంది. ఆ ఎండలకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి 2000 మందికి పైగా పోయారు. అందులో ముసలివాళ్లు, ఎండలో పని చేస్తేగానీ పూట గడవని కూలీలే ఎక్కువ.

[పుస్తకం అట్ట దగ్గరగా]

నా బాధ ఏమిటంటే, ఆ చెరువులోంచి బతికి బయటపడ్డది ఫ్రాంక్ అనే అమెరికన్ సహాయ కార్యకర్త. చావులన్నీ అతని కళ్లతోనే చూస్తాం. రెండో అధ్యాయంలో ఏకంగా సూర్యుడే మాట్లాడతాడు. ఆ తర్వాత కథ జ్యూరిక్‌కు, సమావేశాలకు, సెంట్రల్ బ్యాంకులకు వెళ్లిపోతుంది. పేరులేని గొంతులు చాలానే వినిపిస్తాయి, కాదనను. కానీ చెరువులో దిగిన ఊరివాళ్లలో ఒక్కరి మనసులోకైనా మనల్ని వెళ్లనివ్వలేదు. నెత్తిన తడితువ్వాలు వేసుకుని పనిలోకి దిగే మనిషికి ఎండ గురించి ఎంత తెలుసు! ఆ తువ్వాలు ఈరోజు ఎందుకో ఆరడం లేదని అందరికంటే ముందు పసిగట్టేది ఆ మనిషే. ఆ క్షణం రాయాల్సింది సైన్స్ ఫిక్షనే.

ఇప్పుడొస్తున్న చాలా నవలల్లో నాకు ఇదే లోటు. లెక్క తప్పదు, భౌతికశాస్త్రం తప్పదు. ఆ లెక్క ఎవరి నెత్తిన పడుతోందో వాళ్లు మాత్రం గుంపుగా, దూరంగా ఉండిపోతారు.

చేయలేక కాదు. బ్రిటిష్ రచయిత ఏడ్రియన్ చైకోవ్‌స్కీ 2015లో 'చిల్డ్రన్ ఆఫ్ టైమ్' నవల రాశాడు, మరుసటి ఏడాది దానికి సైన్స్ ఫిక్షన్ నవలలకు ఇచ్చే ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు వచ్చింది. అందులో నాయికలు సాలెపురుగులు. దారాల్లో ప్రకంపనలతో మాట్లాడుకుంటాయి, చీమల దండునే కంప్యూటరుగా మలుచుకుంటాయి. తరాలు గడిచినా పోర్షియా, బియాంకా, ఫేబియన్ అనే పేర్లే మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ సమాజంలో పెత్తనం ఆడవాటిది, మగదాని ప్రాణానికి విలువ లేదు. మమ్మల్ని ఊరికే చంపకూడదని ఒక ఫేబియన్ తన జాతి మగవాళ్ల తరఫున హక్కు అడుగుతాడు. ఎనిమిది కాళ్ల జీవి కోసం నా గుండె అంతలా కొట్టుకుంటుందని నేను అనుకోలేదు. ఆ అధ్యాయం చదివి పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

రాబిన్సన్ మొదటి అధ్యాయం తప్పకుండా చదవండి, విడిగా కథలా చదివినా నిలుస్తుంది. చైకోవ్‌స్కీ మాత్రం పూర్తిగా చదవాలి. సాలెపురుగుల కథ మధ్యలో వచ్చే, అంతరిక్ష నౌకలోని మనుషుల భాగాలు కొంచెం నీరసంగా నడుస్తాయి. అక్కడ ఆగిపోకండి, ఫేబియన్ దాకా వెళ్లండి.