అరణంగా ఇచ్చిన అడవిలో ఫౌండ్రీలు

శ్రోతలకు నమస్కారం.

బ్రెజిల్ అనగానే మనకు రియో నగరపు సాంబా, పసుపు చొక్కాల ఫుట్‌బాల్ జట్టు, అమెజాన్ అడవి గుర్తుకొస్తాయి. ఈ మూడింటికీ దూరంగా, ఆ దేశపు దక్షిణ భాగంలో శాంటా కటరీనా రాష్ట్రంలో జోయిన్‌విల్ అనే ఊరుంది. 2022 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 6 లక్షల 16 వేల మంది ఉంటున్నారు. రాష్ట్ర రాజధాని ఫ్లోరియనోపోలిస్ కంటే ఇదే పెద్దది.

జోయిన్‌విల్ అన్నది నిజానికి ఒక బిరుదు. ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్ కొడుకు ఫ్రాన్స్వాకు ఆ బిరుదు ఉండేది. ఆయన 1843లో బ్రెజిల్ చక్రవర్తి రెండవ పెడ్రోకు అక్క అయిన డోనా ఫ్రాన్సిస్కాను పెళ్ళి చేసుకున్నాడు. అరణంగా ఈ ప్రాంతంలో విస్తారమైన అడవి భూమి దక్కింది. 1848 విప్లవంలో తండ్రి సింహాసనం పోయి, కుటుంబమంతా పరాయి దేశం పాలై, చేతిలో డబ్బు ఆడని పరిస్థితి వచ్చాక, ఆ భూమిలో కొంత భాగాన్ని హాంబర్గ్‌లోని ఒక వలస సంఘానికి ఆయన అప్పగించాడు. 1851 మార్చి 9న కొలోన్ అనే ఓడలో వచ్చిన జర్మన్లు, స్విస్ దేశస్థులు ఇక్కడ అడుగుపెట్టారు. బంగారం కోసం కాలిఫోర్నియాకు బయలుదేరి, ఓడ చెడిపోవడంతో రియోలో చిక్కుకుపోయిన నార్వే వాళ్ళు కొందరు కూడా వారితో కలిశారు. రాకుమారుడి పేర ఒక భవనం కట్టి, దాని ముందు రాచతాటి చెట్లు బారులు తీర్చి నాటారు కానీ, ఆయన మాత్రం ఈ ఊరిని కళ్ళతో చూడనే లేదు. ఆ భవనం ఇప్పుడు వలసల మ్యూజియం.

అయితే ఈ నేల అప్పటికి ఖాళీగా ఉందనుకోకూడదు. వేల ఏళ్ళ కిందటి మనుషులు ఆల్చిప్పలు పోగుచేసి కట్టిన గుట్టలు బాబిటోంగా అఖాతం చుట్టూ ఇప్పటికీ కనిపిస్తాయి.

ఈ ఊరి పరిశ్రమలలో ఒక వింత గమనించాను. ఇక్కడ తయారయ్యే ముఖ్యమైన సరుకు చాలావరకు మరో వస్తువు లోపల దాగి ఉంటుంది. టైగ్రె కంపెనీ సంగతే చూడండి. 1941లో జొవావ్ హాన్సెన్ జూనియర్ ఎద్దుకొమ్ములతో దువ్వెనలు చేసే చిన్న కార్ఖానాను కొన్నాడు. కొమ్ము తరవాత ప్లాస్టిక్, ప్లాస్టిక్ తరవాత 1950ల చివర్లో పీవీసీ పైపులు. ఈనాడు బ్రెజిల్ ఇళ్ళ గోడల్లో నీళ్ళు పారేది చాలాచోట్ల ఆ పైపుల్లోనే. 1938లో పుట్టిన టూపీ ఫౌండ్రీ మొదట్లో పైపుల ఇనుప జాయింట్లు పోతపోసేది, ఇప్పుడు లారీల, ట్రాక్టర్ల ఇంజిన్ బ్లాకులు పోస్తుంది. విచిత్రమేమిటంటే, జర్మన్ సంతతివారు పెట్టిన ఈ ఫౌండ్రీకి బ్రెజిల్ ఆదివాసుల పేరు ఉంది. సరిగ్గా ఆ కాలంలోనే ప్రభుత్వం జాతీయీకరణ పేరిట జర్మన్ బడులను మూయించింది. యుద్ధం వచ్చాక వీధిలో ఆ భాష మాట్లాడడమే నేరమైంది.

ఇక మూడోది కంప్రెషర్. మీ ఇంట్లో ఫ్రిజ్ వెనక అడుగున నల్లటి ఇనుప బుడ్డి ఒకటి ఉంటుంది, రాత్రి నిశ్శబ్దంలో అది సన్నగా గొణుగుతూ ఉంటుంది. అదే కంప్రెషర్. చల్లదనం వాయువును నొక్కి తిప్పే పని దానిది. బ్రెజిల్ ఫ్రిజ్ తయారీదారులు వీటిని దిగుమతి చేసుకోవలసి వస్తోందని 1971లో ఇక్కడే ఎంబ్రాకో అనే సంస్థ పెట్టుకున్నారు. కొన్నేళ్ళకే అది ప్రపంచమంతటికీ ఎగుమతి చేసే స్థాయికి చేరింది. 2019లో జపాన్‌కు చెందిన నిడెక్ దాన్ని కొనేసింది.

ఒకప్పుడు కార్మికులు గుంపులు గుంపులుగా సైకిళ్ళమీద ఫ్యాక్టరీలకు వెళ్ళేవారు, అందుకే దీనికి సైకిళ్ళ ఊరన్న పేరు. వాన అందుకు అడ్డే అయినా ఎవరూ మానుకోలేదు. సముద్రపు తేమగాలి పక్కనే ఉన్న సెర్రా దో మార్ కొండలకు తగిలి ఇక్కడ తరచుగా కురిసిపోతుంది. పోర్చుగీసులో వానను షూవా అంటారు కనుక, ఊరివాళ్ళే తమ ఊరిని సరదాగా షూవిల్ అని పిలుచుకుంటారు.

ఇంత ఇనుము పనిచేసే ఊరికి ప్రపంచంలో పేరు తెచ్చింది మాత్రం నాట్యం. 1983లో మొదలైన ఇక్కడి నృత్యోత్సవం ప్రపంచంలోకెల్లా పెద్దదని 2005లో గిన్నిస్ నమోదు చేసింది. 2000లో మాస్కోకు చెందిన బొల్షోయ్ థియేటర్ తన బాలే పాఠశాలను ఇక్కడ తెరిచింది. రష్యా వెలుపల దానికి ఉన్న పాఠశాల ఇదొక్కటే, ఎంపికైన పిల్లలకు చదువు ఉచితం. పాఠశాల ఉన్న ప్రాంగణం పేరు సెంత్రెవెంతోస్ కావు హాన్సెన్. ఆ కావు హాన్సెన్ టైగ్రె పైపుల కుటుంబానికి చెందినవాడు. ఎద్దుకొమ్ము దువ్వెనలతో మొదలైన ఇంటిపేరు కింద పిల్లలు బాలే బూట్లు సంచిలో పెట్టుకుని, వానాకాలం చినుకుల్లో గొడుగులు ముడుచుకుంటూ లోపలికి నడుస్తారు.