జంగిల్ బుక్ (1942) రివ్యూ: అడవి మనది, మొహాలు ఎవరివి?

నమస్తే. ఈ రోజు 1942 నాటి 'జంగిల్ బుక్' గురించి మాట్లాడుకుందాం. కార్టూన్ కాదు, మనుషులు నటించిన కలర్ సినిమా. డైరెక్టర్ జోల్టాన్ కోర్డా.

ముందు సాబు గురించి చెప్పాలి. మైసూరు దగ్గర పుట్టిన మావటి కొడుకు. 1937లో 'ఎలిఫెంట్ బాయ్'తో తెరమీదికి వచ్చాడు, ఇందులో తోడేళ్ల మధ్య పెరిగిన పిల్లాడు మోగ్లీ అయ్యాడు. నీళ్లలో షేర్‌ఖాన్ అనే పులితో తలపడే సీన్‌లో కళ్లు తిప్పుకోలేం. ఆ కాలంలో అంత పెద్ద ఇంగ్లిష్ సినిమాను మనవాడు ఒక్కడే భుజాన మోశాడంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

అయితే మోగ్లీ అడవి నుంచి తిరిగొచ్చిన ఊళ్లో మిగతావాళ్లెవరు? మోగ్లీ తల్లి మెసువాగా చేసింది రోజ్‌మేరీ డీక్యాంప్ అనే అమెరికన్ నటి. ఊరి వేటగాడు బుల్దేవ్‌గా చేసిన జోసెఫ్ కలేయాది మాల్టా. మొహాలకు రంగు పూసి మన పల్లెటూరి వాళ్లను చేశారు. తల్లీకొడుకులు పక్కపక్కనే ఉన్న షాట్ ఒక్కసారి ఆపి చూడండి. ఒకరిది ఒంటిరంగు, ఇంకొకరిది పూసిన రంగు. ఆ రోజుల్లో అలాగే తీసేవారు, నిజమే. అయినా నాకు మింగుడు పడదు. పైగా బుల్దేవ్ ముసలివాడయ్యాక ఈ కథంతా చెప్పేది ఎవరికి? ఒక తెల్ల దొరసానికి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. ఈ అడవిలో జంతువులున్నాయి, పాడుబడ్డ నగరం ఉంది, నిధి ఉంది. అడవిని నమ్ముకుని బతికే మనుషులే లేరు. ఈ సినిమాకు మూలమైన, కిప్లింగ్ రాసిన మోగ్లీ కథల్లో గోండులు కాసేపైనా కనిపిస్తారు. ఆదిలాబాద్ వైపు నుంచి చూసేవాళ్లకు ఈ లోటు ఇట్టే తెలుస్తుంది. మేడారంలో చెప్పుకునే కథే తీసుకోండి. పులుల మధ్య ఆడుకుంటున్న పసిపాపను వేటకెళ్లిన కోయలు చూసి తెచ్చి పెంచుకున్నారు, ఆ బిడ్డే సమ్మక్క. అక్కడ పాపను అక్కున చేర్చుకున్నది అడవి మనుషులే. ఇక్కడ వాళ్లకు ఒక్క సీన్ కూడా దక్కలేదు.

ఊరంతా మోగ్లీని మంత్రగాడని తరిమే భాగం మాత్రం గట్టిగా తాకుతుంది. చేతబడి, బాణామతి అంటూ మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన జిల్లాల్లో చదివినవాళ్లమే కదా. ఆ నింద వెనక బుల్దేవ్‌కు బంగారం మీదున్న ఆశను సినిమా దాచలేదు, ఆ నిజాయితీ నాకు నచ్చింది.

సినిమాలో కనిపించే పాము బొమ్మేనని తెలిసిపోతుంది, పిల్లలు పట్టించుకోరు. సాబుకు తర్వాత కూడా ఎక్కువగా ఇలాంటి పాత్రలే వచ్చాయి. 1963లో, 39 ఏళ్లకే పోయాడు.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు చూపించండి. ఎవరిది ఏ దేశమో, రంగు ఎందుకు పూశారో వాళ్లు అడగకపోయినా చెప్పండి. ఇంకా చిన్నవాళ్లయితే అడవి తగలబడే సీన్‌కు భయపడతారు, పక్కనే కూర్చోండి.