నల్లాకి బొట్టు పెట్టిన రోజు

అందరికీ నమస్కారం. కృతజ్ఞత, తృప్తి గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నిజం చెప్పాలంటే ఈ మాటలు వింటేనే నాకు పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గులాబీ పువ్వులు గుర్తొస్తాయి. పువ్వు కింద ‘ఉన్నదాంతో తృప్తిపడు’ అని ఉంటుంది, మనం సరిగ్గా చదవను కూడా చదవకుండా ఇంకో గ్రూపులోకి తోసేస్తాం. అందుకని ఇవాళ పువ్వుల జోలికి పోను, నీళ్ళ గురించి మాట్లాడతాను.

మనలో చాలామందిది నల్గొండ జిల్లానే. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ అంటే ఏంటో పెద్దవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, వెనక కూర్చున్న పిల్లల కోసం చెప్తున్నా. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అక్కడి బోరు నీళ్ళలో చాలాచోట్ల అంతకు కొన్ని రెట్లు ఉండేది. ఏళ్ళ తరబడి అవే తాగితే ముందు పళ్ళు గారపడతాయి, తర్వాత కీళ్ళు బిగుసుకుపోతాయి, ఎముకలు వంకర తిరుగుతాయి, చేతులు తల దాకా లేవక జుట్టు కూడా ఇంకొకరు దువ్వాల్సి వస్తుంది. అలాంటి ఊళ్ళకి ఎన్నో ఏళ్ళ తర్వాత నల్లాల్లో కృష్ణా నీళ్ళొచ్చాయి.

మా చుట్టాల ఇంట్లో నల్లా తిప్పిన రోజు నేను అక్కడే ఉన్నాను. మా పెద్దమ్మ ఆ నల్లాకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. మొదటి బిందె దేవుడి దగ్గర పెట్టింది. తర్వాత ఒక దసరాకి వెళ్తే అదే పెద్దమ్మ “ఏం నల్లానో ఏమో బిడ్డా, సన్నగ వస్తయి, బిందె నిండేసరికి పొద్దు గూకుతది” అని తిట్టిపోస్తోంది. ఆవిడ కృతఘ్నురాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కొత్తొక వింత, పాతొక రోత అని మనవాళ్ళు ఊరికే అనలేదు, మనసు పనిచేసే తీరే అది.

దీని మీద అమెరికాలో 1978లో ఒక పరిశోధన వచ్చింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో లాటరీలో పెద్ద మొత్తం కొట్టిన 22 మందిని కదిలిస్తే, వాళ్ళు మామూలు జనం కన్నా పెద్ద సంతోషంగా ఏమీ లేరు. పైగా పొద్దున టిఫిన్ తినడం, స్నేహితుడితో కబుర్లు, ఒక జోకు వినడం లాంటి వాటిలో వాళ్ళకి దొరికే ఆనందం ఇతరుల కన్నా తక్కువగా ఉందట. 22 మందితో లోకం సంగతి మొత్తం తేలిపోదు, అది నాకూ తెలుసు. కానీ కొత్త ఫోను కొన్న నెలకి మన మొహం ఎలా ఉంటుందో అద్దంలో చూసుకుంటే ఆ 22 మంది మీద నమ్మకం కుదురుతుంది.

మరి ఏం చెయ్యాలి? ఎమ్మన్స్, మెక్‌కలో అని ఇద్దరు సైకాలజిస్టులు 2003లో ఒక పని చేశారు. కొంతమంది విద్యార్థులతో వారానికోసారి, పది వారాల పాటు, ఆ వారంలో కృతజ్ఞత అనిపించిన సంగతులు ఐదు దాకా రాయించారు, ఇంకొంతమందితో చికాకు పెట్టినవి రాయించారు. మొదటి జట్టు వాళ్ళకి బతుకు మీద కాస్త మంచి అభిప్రాయం ఏర్పడింది, వచ్చే వారం మీద ఆశ పెరిగింది, వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. అయితే ఇక్కడో మెలిక ఉంది, ల్యుబొమిర్‌స్కీ అనే ఆవిడ, ఆమె తోటివాళ్ళు ఇదే పని వారానికి ఒకసారి చేయించి చూస్తే ఫలితం కనబడింది, మూడుసార్లు చేయిస్తే కనబడలేదు. ఎక్కువైతే అదీ హోంవర్క్ అయిపోతుంది కదా! కాబట్టి రోజూ డైరీ రాయలేకపోతున్నామని టెన్షన్ పడకండి, ఆదివారం ఒక పది నిమిషాలు కూర్చోండి చాలు.

రాసేటప్పుడు మాత్రం ‘ఆరోగ్యం, కుటుంబం, దేవుడి దయ’ అని రాయకండి, అది ఫారం నింపినట్టే ఉంటుంది. ‘మంగళవారం రాత్రి కరెంటు పోతే పక్కింటి ఆంటీ వాళ్ళ ఇన్వర్టర్ మీద నాన్నకి నెబ్యులైజర్ పెట్టనిచ్చింది’ అని రాయండి. రాశాక గోడ అవతలికి వెళ్ళి ఆ మాట ఆవిడకి చెప్పండి. బయటివాళ్ళకి ‘చాలా థాంక్సండీ’ అని ఊరికే అనేస్తాం, ఇంట్లోవాళ్ళకి, పక్కింటివాళ్ళకి చెప్పాలంటే మాత్రం గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

ఇంకో చిట్కా కూడా ఉంది, ఉన్నది లేకపోయి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోవడం. 2008లో వచ్చిన ఒక పరిశోధనలో, తమ భాగస్వామి అసలు తారసపడకపోయి ఉంటే ఏమయ్యేదో రాసినవాళ్ళు, ఎలా కలిశామో రాసినవాళ్ళ కన్నా ఎక్కువ సంతృప్తిగా కనిపించారు. పెళ్ళయినవాళ్ళు ఇంటికెళ్ళి చేసి చూడండి, కొందరి విషయంలో ఫలితం తిరగబడితే నాది పూచీ కాదు.

ఇప్పుడు అసలు సంగతి. తృప్తి అనగానే మన ఇళ్ళల్లో వినిపించే మాట ‘సర్దుకుపో’. అది కూడా ఎక్కువగా కోడళ్ళకి, కూతుళ్ళకి, జీతం పెంచమని అడిగిన పనివాడికి చెప్తాం. చెప్పేవాడు ఎప్పుడూ కుర్చీలో కూర్చునే ఉంటాడు. ఈ రకం తృప్తి నాకు పనికిరాదు.

మళ్ళీ నీళ్ళ దగ్గరికే రండి. జిల్లా పక్క నుంచే కృష్ణ పారుతోంది, సాగర్ డ్యామ్ కట్టారు, అయినా మన ఊళ్ళు ఫ్లోరైడ్ నీళ్ళే తాగాయి. అప్పుడు జనం సర్దుకుపోలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపు మీద నిరసనగా నామినేషన్లు వేశారు. నల్గొండ నియోజకవర్గంలో మొత్తం 480 మంది బరిలో నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయ్యింది, పోలింగు వాయిదా పడింది. ఆ తర్వాత లోక్‌సభ అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకి పెంచారు, నీళ్ళ కన్నా ముందు ఆ పని అయిపోయింది!

మా పెద్దమ్మ బొట్టు పెట్టిన నల్లాలోకి నీళ్ళు రావడం వెనక, ఉన్న నీళ్ళతో తృప్తిపడని ఆ మనుషులు కూడా ఉన్నారు. వాళ్ళలో చాలామంది గెలుస్తామని నిలబడలేదు, 500 పోతాయని తెలిసే కట్టారు. మీ ఊళ్ళో అలా నామినేషన్ వేసినవాళ్ళు ఒకరో ఇద్దరో ఇంకా ఉండే ఉంటారు. ఈ ఆదివారం కాగితం ముందు ఏం రాయాలో తోచకపోతే వాళ్ళింటికి వెళ్ళండి, ఆ 500 ఎక్కడ అప్పు తెచ్చి కట్టారో అడగండి.